ఏమీ లేని నీళ్ళు

అక్టోబర్ 3, శుక్రవారం

కాఫీ మళ్ళీ ఇనుప మేకు చప్పరించినట్టే ఉంది. సగం తాగి సింకులో పారబోశాను. ఈయన మాత్రం ఫోనులోంచి తల ఎత్తకుండా గ్లాసు ఖాళీ చేసి, "బానే ఉందిగా" అన్నారు. విశ్వేశ్వరరావుగారికి ఏదైనా బానే ఉంటుంది. మూడు చెంచాల పంచదార, అడుగున కాస్త డికాషను, మిగతాదంతా పాలు. ఆ పాయసంలో ఏం కలిసినా ఈయనకి తెలియదు.

ఇదే ఒమాన్‌లో, రూవిలోని పాత ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఈ గొడవ లేదు. అదే కాఫీ పొడి, అదే స్టీలు ఫిల్టరు, అదే చెయ్యి. ఆగస్టులో బౌషర్‌లోని ఈ ఫ్లాటుకి మారాకే మొదలైంది. మారింది ఒక్కటే, నీళ్ళు. రూవిలో కుళాయి నీళ్ళు మరగకాచి వాడేవాళ్ళం. ఇక్కడ మేడ మీద ట్యాంకు వాసనొస్తోందని ఈయన నీళ్ళ క్యాన్లు మాట్లాడారు. కమ్రాన్ అనే పాకిస్తానీ అతను తెచ్చి గుమ్మంలో పెట్టి వెళతాడు. కాబట్టి తప్పు నీళ్ళది. నాది కాదు.

పొద్దున్నపూట కొంచెం వికారంగా ఉంటోంది. ఎండలింకా తగ్గలేదు కదా.

సుగుణక్కకి కూడా కాఫీతోనే మొదలైంది. ఈ మాట రాయకుండా ఉండాల్సింది.

అక్టోబర్ 5, ఆదివారం

పుణె నుంచి విజేత ఫోను చేసింది. కాఫీ సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేదు. కూతురికి అన్నీ చెప్పుకోవాలని ఎక్కడా లేదు.

"నీళ్ళు పరీక్ష చేయించమ్మా. కాఫీ పిచ్చి ఉన్నవాళ్ళంతా అదే చేస్తారు" అంటూ ఏదో వ్యాసం పంపించింది. చదివాను. కాల్షియం, మెగ్నీషియం లాంటివి నీళ్ళలో కొంచెం ఉంటేనే పొడిలోంచి రుచి దిగుతుందట. ఆల్కలినిటీ అని ఇంకొకటి ఉంటుంది, అది పులుపుని అదుపులో పెడుతుంది. బొత్తిగా లేకపోతే కాఫీ పుల్లగా తయారవుతుంది, ఎక్కువైతే సుద్దలా ఉంటుంది. కాకినాడలో నేను చదివిన బీయస్సీ కెమిస్ట్రీ ఇన్నేళ్ళకి అటకమీద నుంచి దిగి వచ్చింది. ఇంతకాలం దానితో కందిపప్పు ఉడకబెట్టాను.

ఈ ఇంట్లో వంటిల్లు హాల్లోకి తెరిచి ఉంటుంది. వచ్చినవాళ్ళ చూపు ముందు నా రాగి బిందె మీద పడుతుంది. రూవిలో అది మూలన నల్లగా పడి ఉండేది, పండగలకి తప్ప తోమేదాన్ని కాదు. ఇక్కడలా కుదురుతుందా? రోజూ సాయంత్రం చింతపండూ ఉప్పూ వేసి తోముతున్నాను. "ఏం పెట్టి రుద్దుతరో గానీ ఆంటీ, మస్తు మెరుస్తది" అంది ఎదురింటి కవిత. హైదరాబాదు పిల్ల, ఊరికే మెచ్చుకునే రకం కాదు.

రాత్రి క్యాన్ నీళ్ళు అందులో పోసి ఉంచుతాను. పరగడుపున రెండు గ్లాసులు నేను తాగి, మిగిలినవి కాఫీకి వాడతాను. ఒంటికి మంచిదని అత్తగారు నేర్పిన అలవాటు. ఈయనచేత తాగించడం ఆవిడ వల్లే కాలేదు, నా వల్లా కాలేదు. వికారం మొదలయ్యాక నేను మాత్రం మూడో గ్లాసు కూడా తాగుతున్నాను.

అక్టోబర్ 7, మంగళవారం

ఈ రోజు బాగానే ఉన్నాను. అంటే, మధ్యాహ్నం నుంచి.

అక్టోబర్ 9, గురువారం

ఘాలాలో ఒక ల్యాబ్ ఉంది. ఆఫీసుకి వెళ్తూ ఈయన నన్నక్కడ దింపారు. వాళ్ళు ముందే ఇచ్చిన సీసాలో క్యాన్ నుంచి నేరుగా నీళ్ళు పట్టాను. వేరే పాత్ర ఏదీ తగలకూడదన్నారు, తగలనివ్వలేదు. ఇలాంటి విషయాల్లో నన్ను తప్పు పట్టడానికి ఎవరికీ సందు దొరకదు.

అక్కడి కెమిస్టు పేరు జైనబ్. ఒమానీ అమ్మాయే, ఇంట్లో బలూచీ మాట్లాడతారట, హిందీ మనకంటే బాగా వస్తుంది. "దేనికోసం పరీక్ష ఆంటీ? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

"ఎవరికీ ఏం లేదు. కాఫీ కోసం."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఫారంలో అలాగే రాసుకుంది.

టాక్సీలో వస్తుంటే దారిలో ఆపించి దిగాల్సి వచ్చింది. డ్రైవరు పెద్దాయన, సీటు కింద నుంచి నీళ్ళ సీసా తీసిచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళాను కదా, అందుకే.

అక్టోబర్ 10, శుక్రవారం

ఈయనకి కాఫీ పెట్టడం నేర్పుదామని మొదలుపెట్టాను. ఊరికే. రేపు రిటైరయ్యాక మగవాళ్ళకి ఏదో ఒక పని చేతిలో ఉండాలి.

"పై గిన్నెలో పొడి వెయ్యండి. నొక్కకుండా, పైపైన సర్దండి. నీళ్ళు మరిగాక ఒక్క నిమిషం ఆగి, చుట్టూ తిప్పుతూ పొయ్యండి."

ఎక్కడో ఎడారిలో పైపుల్లో నూనె ఒత్తిడి వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచే ఇంజనీరుగారు, పొడిని బూటుతో తొక్కినట్టు అదిమిపెట్టారు. చుక్క దిగితే ఒట్టు. "ఇది నా వల్ల కాదు శేషూ" అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

నిన్న మధ్యాహ్నం పప్పుల డబ్బాలన్నిటి మీద పేర్లు రాసి అంటించాను. కందిపప్పు, మినప్పప్పు, ధనియాలు, మెంతులు. కొత్త వంటిల్లు కదా, వెతుక్కోవడం కష్టంగా ఉంది.

అక్టోబర్ 13, సోమవారం

ఈసారి ఫిల్టరులో చిల్లుల బిళ్ళ పెట్టడం మర్చిపోయారు. గ్లాసు నిండా పొడి. కోప్పడ్డాను. ఈయన కోప్పడలేదు.

అక్టోబర్ 15, బుధవారం, బహ్లా

ఈయనకి రెండు రోజులు ఇక్కడ పని పడింది. "ఒక్కదానివీ ఇంట్లో ఏం చేస్తావు, రా" అన్నారు. ఎప్పుడూ అలా అనే మనిషి కాదు.

ఇక్కడ నాకేమీ లేదు. నిన్న సాయంత్రం కోట కింద హోటల్లో రెండు పరాటాలు తిన్నాను. ఈ రోజు పొద్దున్న గెస్ట్‌హౌస్ వాళ్ళు ఇచ్చిన కాఫీ తాగాను. పొడి నాసిరకం, పాలు డబ్బా పాలు, అయినా కాఫీ కాఫీలాగే ఉంది. ఇంకొకటి అడిగి తాగాను. ఈయన చూసి తన బిస్కెట్టు కూడా నా పళ్ళెంలో పెట్టారు.

గాలి మార్పు. ఇంకేముంటుంది. అక్కకి కూడా మధ్యమధ్య ఇలా బాగుండేది. అన్నవరం వెళ్ళినప్పుడు ఎంత బాగుందో. తిరిగొచ్చాక మళ్ళీ మొదలైంది.

అక్టోబర్ 16, గురువారం

నీళ్ళ రిపోర్టు వచ్చింది. వాక్యం వాక్యం చదివాను. రోగకారక క్రిములు లేవు. సీసం లేదు. ఆర్సెనిక్ లేదు. ఇనుము లేదు, ఈ మేకు రుచి దానిదే అయుంటుందని పందెం కట్టాను నాలో నేను. రాగి లేదు. సోడియం కొంచెం, క్లోరైడు కొంచెం. హార్డ్‌నెస్ చాలా తక్కువ. ఆల్కలినిటీ ఇంకా తక్కువ. పీహెచ్ ఆరున్నర, అంటే కాస్త పులుపు వైపు, కానీ పరవాలేదట. ఒక్క గడిలోనూ ఎర్ర గుర్తు లేదు.

సాయంత్రం జైనబ్ ఫోను కూడా చేసింది. "మాఫీ ముష్కిల్ ఆంటీ. ఏ ఇబ్బందీ లేదు. చాలా శుభ్రమైన నీళ్ళు. మీ కాఫీకి కొంచెం లవణాలున్న క్యాన్ తీసుకోండి, రుచి బాగుంటుంది."

"చూశావా, నీళ్ళు బానే ఉన్నాయి" అన్నారు ఈయన. అన్నాక నా మొహం చూసి టీవీ పెట్టుకున్నారు.

ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందని ఆ కాగితాలు ఎన్నిసార్లు తిరగేశానో. మంచి మార్కులొచ్చాయని ఏడ్చే పిల్లని నేనెక్కడా చూడలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

నీళ్ళలో లేకపోతే నాలో ఉంది. రాసేశాను. ఇంక దాచుకోవడానికేముంది, ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

అక్క కాఫీ గ్లాసు పక్కన పెట్టి "ఇదేంటే, ఇత్తడి వాసనేస్తోంది" అన్నప్పుడు మేమందరం నవ్వాం. గ్లాసు సరిగ్గా తోమలేదని పనమ్మాయిని తిట్టాం. పొడి మార్చాం. పాలవాణ్ణి మార్చాం. అన్నీ మార్చాక ఆస్పత్రికి వెళ్ళాం. కడుపులో అంత పెద్ద గడ్డ పెట్టుకుని అక్క అన్ని నెలలు మాకు కాఫీలు పెట్టింది. అప్పుడు తనకి ఇప్పటి నా వయసే.

నేనూ అదే చేస్తున్నాను. నీళ్ళు మార్చాలి, పొడి మార్చాలి అంటూ. తెలిసే చేస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళనంతవరకూ నాకేమీ లేనట్టే కదా. భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

ఈ రోజు ఈయన కాఫీ పొడిని పై గిన్నెలో కాకుండా కింద గిన్నెలో వేశారు. అప్పుడు కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు.

"మూడుసార్లు చెప్పాను. ఇంత చిన్న పని రాకపోతే ఎలాగండీ మీకు?"

"రాకపోతే ఏమవుతుంది? నువ్వున్నావుగా" అన్నారు.

బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు కూర్చున్నాను.

అక్టోబర్ 19, ఆదివారం

ల్యాబుకి ఫోను చేసి జైనబ్‌తో గొడవ పెట్టుకున్నాను. "మళ్ళీ పరీక్ష చెయ్యండి. ఎక్కడో పొరపాటు చేశారు."

ఆ పిల్లకి కోపం రాలేదు. "మీకు ఏం దొరకాలని ఉంది ఆంటీ?" అని అడిగింది.

ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఆ ముక్కూమొహం సరిగా తెలియని పిల్లకి చెప్పేశాను. నోట్లో లోహం రుచి, పొద్దున్న వాంతులు, తిండి సయించకపోవడం, అన్నీ. అక్క సంగతి మాత్రం చెప్పలేదు.

"ఇది మొదటి రోజే ఎందుకు చెప్పలేదు? కాఫీ కోసమన్నారు" అంది. ఆ తర్వాత కాగితాలు తిప్పిన చప్పుడు. "ఆంటీ, నేను బాగున్నాయన్నది క్యాన్‌లో నీళ్ళు. మీరు తెచ్చింది అవే కదా. ఆల్కలినిటీ దగ్గర చూడండి. దాదాపు ఏమీ లేదు. ఇలాంటి నీళ్ళు తాగితే తప్పు లేదు. కానీ ఏమీ లేని నీళ్ళు ఊరుకోవు. లోహం తగిలితే కొంచెం కొంచెంగా దాన్ని కరిగించుకుంటాయి. క్యాన్ ప్లాస్టిక్ కాబట్టి ఏమీ కాదు. క్యాన్ నుంచి నేరుగా గ్లాసులో పోసుకుంటారా, మధ్యలో ఇంకేమైనా ఉందా?"

ఫోను పట్టుకునే బిందె వైపు చూశాను. అప్పుడే తోమి బోర్లించాను. ఎండ పడి ధగధగలాడుతోంది.

"ఒక బిందె ఉంది. రాగిది" అన్నాను.

"లోపల నల్లగా ఉంటుందా?"

"ఎందుకుంటుంది? రోజూ లోపలా బయటా చింతపండుతో తోముతాను."

జైనబ్ నెమ్మదిగా చెప్పింది. ఆ నల్లటి పొర ఉంటే అదే నీళ్ళకి అడ్డం పడుతుందట. నేను రోజూ పులుపు పెట్టి దాన్ని గీకి తీసేసి, పచ్చి రాగి మీద ఈ నీళ్ళు పోసి రాత్రంతా నానబెడుతున్నాను. కాకినాడ కాలేజీలో ఇదే పాఠం పరీక్షలో రాశాను, పరీక్షనాళికలో రాగి ముక్కలు వేసి చూపించాను కూడా. రూవిలో ఆ బిందె నల్లగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు. నలుగురూ చూస్తారని మెరిపించాను.

"ఈ రాత్రికి ఎప్పటిలాగే నీళ్ళు పోసి ఉంచండి. పొద్దున్న వాటిని పట్టి తీసుకురండి. మీరు మాత్రం తాగకండి. ఇంకో మాట ఆంటీ, ఇది తేలినా తేలకపోయినా డాక్టరుని కలవండి" అంది.

అక్టోబర్ 20, సోమవారం

బిందెలో నీళ్ళు పట్టి ఇచ్చి వచ్చాను. దీపావళి. కవిత వాళ్ళు మిఠాయిలు తెచ్చి, బిందె ఏదని అడిగారు. లోపల పెట్టానన్నాను.

నీళ్ళు క్యాన్ నుంచే తాగుతున్నాను. మేకు రుచి పోయిందో, పోవాలని నేను అనుకుంటున్నానో తెలియడం లేదు. ఆశ పెట్టుకోవాలంటే భయంగా ఉంది. అక్కకి కూడా పాలవాణ్ణి మార్చిన రోజున బాగున్నట్టే అనిపించింది.

అక్టోబర్ 23, గురువారం

రాగి.

లీటరుకి రెండు మిల్లీగ్రాములు దాటకూడదట. మా బిందె నీళ్ళలో నాలుగు దాటింది. పరగడుపున తాగితే వికారం, వాంతులు, నోట్లో లోహం రుచి. జైనబ్ చదువుతుంటే ఎవరో నా గురించి రాసిపెట్టిన ఉత్తరంలా ఉంది.

మొదటిసారి ఒక రిపోర్టులో ఎర్ర గుర్తు చూసి సంతోషపడ్డాను. ల్యాబ్ బయట అరుగు మీద కూర్చుని ఏడ్చాను. జైనబ్ వచ్చి పక్కన కూర్చుంది, "ఖలాస్ ఆంటీ, ఖలాస్. అయిపోయింది" అంటూ. ఆ పిల్లకి వచ్చే ఏడు పెళ్ళట. నా మాటగా రాగి సామాను పెట్టవద్దని వాళ్ళ అమ్మకి చెప్పమన్నాను. అప్పుడు నవ్వింది.

అక్టోబర్ 26, ఆదివారం

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కూర్చోగానే నేను నోరు తెరిచేలోపు ఈయన మొదలుపెట్టారు. "రెండు నెలలుగా సరిగా తినట్లేదు డాక్టర్. పొద్దున్నపూట వాంతి చేసుకుంటోంది, కుళాయి తిప్పి. బరువు తగ్గింది. వాళ్ళ అక్కగారు కడుపులో క్యాన్సర్‌తో పోయారు."

కుళాయి చప్పుడు ఇల్లంతా వినబడుతుందని నాకెవరూ చెప్పలేదు.

రాగి సంగతి విన్నాక డాక్టరమ్మ తల ఊపింది. లక్షణాలన్నీ దానికి సరిపోతున్నాయి, అయినా అక్కగారి సంగతి ఉంది కాబట్టి ఎండోస్కోపీ చేసి చూద్దాం అంది. గురువారం.

అక్టోబర్ 30, గురువారం

ఏమీ లేదు. కడుపు లోపలి పొర కాస్త కందింది, అంతే. గడ్డ లేదు. పుండు కూడా లేదు. డాక్టరమ్మ తెర మీద చూపించింది, గులాబీరంగులో. నా లోపల అంత శుభ్రంగా ఉంటుందని నేననుకోలేదు.

కారులో ఈయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు గానీ కారు కదలలేదు. వెనకవాళ్ళు హారను కొడితే అప్పుడు కదిలించారు.

విజేతకి ఫోను చేసి అంతా చెప్పాను. ముందు తిట్టింది. తర్వాత ఏడ్చింది. మళ్ళీ తిట్టింది. హాయిగా ఉంది.

నవంబర్ 2, ఆదివారం

లవణాలున్న క్యాన్లు తెమ్మని కమ్రాన్‌కి చెప్పాను. "పానీ తో పానీ హోతా హై, మేడమ్" అన్నాడు, ఏ నీళ్ళయినా నీళ్ళేగా అన్నట్టు. నేనూ అదే అనుకునేదాన్ని నాయనా.

నవంబర్ 7, శుక్రవారం

పొద్దున్న ఆలస్యంగా లేచాను. ఈ మధ్య నిద్ర బాగా పడుతోంది. హాల్లోకి వచ్చేసరికి కాఫీ వాసన. బల్ల మీద గ్లాసు, పైన నురగ, పక్కన ఈయన.

తాగాను. సరిగ్గా ఉంది. సరిగ్గా అంటే చేదు ఎంత ఉండాలో అంత, తాగాక గొంతులో ఎంతసేపు నిలవాలో అంతసేపు. పంచదార నాకు ఎంత కావాలో అంతే. నేను పెట్టినదానికంటే బాగుందని ఒప్పుకోను గానీ, తీసిపోలేదు. నోట్లో కాఫీ తప్ప ఇంకేమీ లేదు.

"ఎప్పుడు నేర్చుకున్నారు?"

"నువ్వు నేర్పిన మొదటి రోజే వచ్చేసింది" అన్నారు ఈయన, కిటికీ వైపు చూస్తూ.

"మరి ఆ పొడి తొక్కడం? బిళ్ళ మర్చిపోవడం? కింద గిన్నెలో వెయ్యడం?"

వంటింటి అరల వైపు చెయ్యి చూపించారు. "ఇన్నేళ్ళ నుంచి కళ్ళు మూసుకుని కూడా ఏ డబ్బాలో ఏముందో చెప్తావు నువ్వు. వాటి మీద పేర్లు ఎవరికోసం రాశావే? చూసి అర్థం కాలేదనుకున్నావా? నాకు కాఫీ వచ్చేస్తే నీకు ఒక పని తీరిపోయినట్టు కదా. తీరనివ్వకూడదనుకున్నాను."

గ్లాసు పట్టుకుని ఈయన భుజానికి తల ఆనించి కూర్చున్నాను. పెళ్ళైన కొత్తలో కూడా ఇలా కూర్చున్న గుర్తు లేదు.

మధ్యాహ్నం స్టిక్కర్లన్నీ పీకేశాను. మెంతులది మాత్రం రాలేదు, గోరు పెట్టి గీకాల్సి వచ్చింది. బిందె మూలన ఉంది, నల్లబడుతోంది, పడనీ. కవిత ఏమనుకుంటే అనుకోనీ.

రేపటి నుంచి పొద్దుటి కాఫీ ఈయనదే. వచ్చని తన నోటితో ఒప్పుకున్నారు కాబట్టి ఇంక తప్పించుకోలేరు.